పట్టుగూళ్ళ ఇంట్లో లావెండర్ పొదలు

రొద్దంలో వేరుశనగ చేల మధ్య పెరిగిన ఉమారాణి 1994లో హిందూపురం కోడలైంది. పెళ్ళిచూపులు రొద్దంలో జరిగాయి, పెళ్ళి పెనుకొండలో చేశారు. అందుకని అత్తగారి గడప తొక్కేదాకా ఆ ఇల్లు ఎలాంటిదో ఆమెకు తెలియదు. అత్త సిద్ధమ్మ హారతిచ్చి లోపలికి పిలిచింది. ఉమారాణి సిగ్గుపడుతూ కుడికాలు లోపల పెట్టింది. ఆ వెంటనే పమిట కొంగుతో ముక్కు మూసుకుంది. చూసినవాళ్ళు పిల్లకు సిగ్గెక్కువనుకున్నారు.

వాళ్ళది పట్టుదారం తీసే ఇల్లు. వెనక పెరట్లో రీలింగ్ షెడ్డు ఉండేది. మార్కెట్టులో కొన్న పట్టుగూళ్ళను సలసల కాగే నీళ్ళలో ఉడికించి, దారం కొసలు పట్టుకుని చక్రాలకు చుట్టేవారు. దారమంతా ఊడి వచ్చాక లోపలి పురుగు మిగిలేది. ఎండుచేపలు నానబెట్టిన నీళ్ళను మూతపెట్టి మరిచిపోయి, వారం తర్వాత మూత తీస్తే ఎలా ఉంటుందో, ఉడికిన ఆ పురుగుల వాసన అలా ఉండేది. తలుపులు వేసినా వచ్చేది. ఉతికి ఆరేసిన చీరల్లోకి, పాలగిన్నెలోకి, దిండు గలీబులోకి కూడా దూరేది.

కొత్త కాపురం మొదలైన వారానికి ధైర్యం చేసి మొగుణ్ణి అడిగింది.

"ఏమండీ, ఈ వాసన ఎప్పుడు పోతాది?"

"ఏ వాసన?" అన్నాడు రాఘవేంద్ర. అతను ఎగతాళికి అనలేదు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, నిజంగానే అతనికి తెలియదు.

వంటింట్లోంచి సిద్ధమ్మ పకపకా నవ్వింది. "నేనొచ్చినప్పుడు మూతికి గుడ్డ కట్టుకుని తిరిగినాను లేమ్మా. పోనుపోను అలవాటైపోయింది. నీకూ అయితాది."

ఇంకే విషయంలోనూ ఆ ఇంటికి వంక పెట్టడానికి లేదు. అత్త మనసున్న మనిషి. ఆడపడుచు శైలజ అప్పుడు ఇంటర్ చదువుతుండేది, వదిన పక్కనుంచి కదిలేది కాదు. రాఘవేంద్ర గట్టిగా మాట్లాడటమే ఎరగడు. అయినా ఉమారాణి అలవాటు పడే రకం కాదు. వాసనకు వాసనే మందనుకుంది. పెరట్లో మల్లె, సన్నజాజి తెచ్చి నాటింది. అవి ఏపుగా పెరిగి వేసవికి విరగబూశాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. మల్లెల తీపి వాసన, పురుగుల వాసన కలిసి మునుపటికంటే ఘోరంగా తయారైంది.

"వదినా, ఇన్నాళ్ళూ ఇంట్లో పురుగులు ఉడుకుతాండె," అంది శైలజ. "ఇప్పుడు పూలు పెట్టుకోని పెండ్లికి పోతాండాయి."

ఉమారాణి కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ ఆలోచించింది. పువ్వు పూసినప్పుడు మాత్రమే వాసన వచ్చే మొక్క తనకు పనికిరాదు. ఏడాది పొడుగునా ఆకే వాసన వేయాలి. అదీ తీపిగా కాదు, ముక్కు పుటాలు విచ్చుకునేలా ఘాటుగా, చల్లగా ఉండాలి. అలాంటి వాసన ఆమె ఒక్కచోటే చూసింది. పెళ్ళికి మేనత్త కూతురు ఇచ్చిన పౌడరు డబ్బాలో. డబ్బా మీద ఊదారంగు పూల కంకులు, లావెండర్ అన్న పేరు ఉన్నాయి.

ఆ చలికాలం రాఘవేంద్ర పట్టుదారం అమ్మడానికి బెంగుళూరు పోతుంటే వెంట బయల్దేరింది. పని అయ్యాక లాల్‌బాగ్ దగ్గరున్న ఒక నర్సరీకి లాక్కుపోయింది. అక్కడి ముసలాయన మూడు రకాల లావెండర్ తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి బూడిదరంగు సన్నాకులది. ముట్టుకుంటే చాలు, పౌడరు డబ్బా తెరిచినట్టే ఉంది. రెండోదానికి పువ్వు నెత్తిన కుందేలు చెవుల్లాగా రెండు రేకులు నిలబడి ఉన్నాయి. మూడోది పచ్చగా, అంచున రంపపు పళ్ళలాంటి ఆకులతో, చూడ్డానికి ఏమంత అందంగా లేదు. దాని వాసనలో కొంచెం కర్పూరం కలిసింది.

ఉమారాణి సన్నాకుల దాన్ని చేతిలోకి తీసుకుంది. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"ఇదు బిసిలు తడెయల్లమ్మా," అన్నాడు.

అది ఎండకు ఆగదని చెబుతున్నాడని ఆమెకు అర్థమైంది. హిందూపురంలో కన్నడం రానివాళ్ళెవరు? కానీ ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలాక ఆమె చెవులు పనిచేయలేదు. ఆ రకానివే రెండు కొని, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

మంచి ఎర్రమట్టిలో పేడ ఎరువు కలిపి నాటింది. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసింది. ఉగాది వచ్చేసరికి ఒకటి, ఎండలు ముదిరేసరికి రెండోది, చీపురు పుల్లల్లాగా ఎండిపోయాయి. ఆమె దిగులు చూడలేక రాఘవేంద్ర మళ్ళీ బెంగుళూరు పోయినప్పుడు ఎవరికీ చెప్పకుండా కుందేలు చెవుల రకం కొనుక్కొచ్చాడు. ఈసారి బాధ్యత సిద్ధమ్మ నెత్తినేసుకుంది.

"నీకు చెట్లు సాకేది తెలీదు. ఇది నాకిడిసిపెట్టు," అంది.

ఆ వీధిలో కొబ్బరి చెట్లకూ కరివేపాకుకూ వేసే ఎరువు ఒకటే. షెడ్డులో మిగిలిన ఉడికిన పురుగులు. సిద్ధమ్మ వాటిని గంపెడు తెచ్చి లావెండర్ మొదలు చుట్టూ కుమ్మరించింది. పైన బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. మొక్క మొదట పిచ్చిపట్టినట్టు పెరిగింది. సిద్ధమ్మ ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. వానలు పడ్డాక అది ఒక పక్కకు ఒరిగింది. ఎత్తి నిలబెడదామని పట్టుకుంటే మొదలు నల్లగా కుళ్ళి చేతిలోకి ఊడి వచ్చింది.

"నా చేత్తో పెట్టిన కరేపాకు ఈ వీధంతా తింటాండారు," అంది సిద్ధమ్మ ఆ మొక్కను పట్టుకుని. "దీనికేం రోగమొచ్చె?" ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఉమారాణి తన బాధ మరిచిపోయి అత్తనే ఓదార్చాల్సి వచ్చింది.

అక్కడితో ఆ ముచ్చట ముగిసిపోయేదే. కానీ 1997లో రొద్దంలో ఆమె అవ్వ అక్కమ్మకు చేలో కాలికి ముల్లు దిగి చీము పట్టింది. పుట్టింటికి వచ్చి ఉన్న ఉమారాణి ఆమెను పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సు అన్నమ్మ వంగి కట్టు కడుతుంటే ఉమారాణి ముక్కుకు ఏదో తగిలింది. టింక్చరు కాదు, డెట్టాలు కాదు. అన్నమ్మ కొప్పులో చిన్న పచ్చ రెమ్మ ఉంది.

"సిస్టరమ్మా, ఆ కొప్పులోది ఏమాకు?"

"లావెండరమ్మా. బెంగుళూరులో నర్సు ట్రైనింగు చేసినప్పటి నుంచి పెట్టుకుంటాండా. పొద్దస్తమానం పుండ్లు కడిగే పని కదా."

"యాడ దొరుకుతాది?"

"మా ఇంటికాడే ఉండాది. డ్యూటీ అయినాక రా, చూపిస్తా."

అన్నమ్మ ఇల్లు కొండ మొదట్లో ఉంది. ఇంటి ముందు మట్టి కంటే రాళ్ళే ఎక్కువ. ఆ రాళ్ళ మధ్యలో, నడుమెత్తు లావెండర్ పొదలు వరసగా, ఎవరి సాయమూ అక్కర్లేనట్టు నిలబడి ఉన్నాయి. అన్నీ రంపపు అంచు ఆకులవే. ఉమారాణి వంగి ఒక ఆకు నలిపి వాసన చూసింది. తర్వాత ఒక్కసారిగా తన మొక్కల కథంతా చెప్పేసింది, పురుగుల ఎరువుతో సహా.

అన్నమ్మ నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది. "మీరు దాన్ని బాగా చూసుకున్యారు, అందుకే సచ్చిపోయింది! దీనికి బలమైన మన్ను వద్దు, ఎరువు వద్దు. వేర్ల కాడ నీళ్ళు నిలిచినాయంటే అయిపోయినట్టే. రాళ్ళు, గరుసు ఇసుక, కొంచెం సున్నం. పొద్దంతా ఎండ. అంతే."

"మరి సన్నాకుల దానికి ఎండే గిట్టలేదు కదా?"

"అది చలిదేశాలదమ్మా. నేనూ రెండు తూర్లు తెచ్చి పోగొట్టుకున్యా. వాసన చూసి కొనొద్దు, ఆకు అంచు చూసి కొను. ఈ రంపం పండ్లది వాసనలో రవ్వంత తక్కువే. కానీ మన మే నెలను దాటేది ఇదే."

వెంట వచ్చి మెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్న అక్కమ్మవ్వ అంతా విని, "నీళ్ళడగని చెట్టా?" అంది. "ఇన్నాళ్ళూ యాడ పోయినాదే ఇది? మీ నాయనకు చెప్పు, చెనిక్కాయ పంట మాని ఇదే ఎయ్యమని."

పువ్వు రాని లేత కొమ్మలు వేలెడంత కోసి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టడం అన్నమ్మ దగ్గరుండి చేయించింది. వేరు పట్టేదాకా ఇసుక ఆరకూడదని, పట్టాక నీళ్ళ చేయి కట్టేయాలని చెప్పింది. పూత అయ్యాక పచ్చ ఆకు ఉన్నంతవరకే కత్తిరించాలని, ఎండు కట్టెలోకి కత్తెర పోతే మళ్ళీ చిగురు రాదని హెచ్చరించింది.

ఉమారాణి తిరిగి వచ్చేసరికి హిందూపురంలో రాఘవేంద్ర పెరటి పాతగోడ పడగొట్టిస్తున్నాడు. సున్నపు పెళ్ళలు, రాతి ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. బండికెత్తుతున్న కూలీలను ఆమె చేతులడ్డం పెట్టి ఆపింది. ఎండ బాగా తగిలే మూలన ఆ చెత్తనంతా దిబ్బగా పోయించి, ఇసుక, కొంచెం ఎర్రమట్టి కలిపింది. వానలు తగ్గాక, వేరు పట్టిన మొక్కలను దిబ్బ మీద ఎడంగా నాటింది.

సిద్ధమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "మొక్కలకు రాళ్ళు తినిపిస్తాండావా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"అత్తా, పెరడంతా నీది. ఈ దిబ్బ మాత్రం ముట్టుకోవద్దు. ఎరువు లేదు, నీళ్ళు లేవు."

సిద్ధమ్మ సరేనంది. సరే అన్నదే గానీ ఆమె ప్రాణం ఊరుకోలేదు. ఒకరోజు తెల్లారగట్ల ఉమారాణి లేచి పెరట్లోకి వస్తే, అత్త దిబ్బ పక్కన చెంబుతో నిలబడి ఉంది.

"ఏంచేస్తాండావత్తా?"

"ఏంలేదు లేమ్మా. చేయి కడుక్కుంటాండా."

ఆ తర్వాత ఉమారాణి దిబ్బ చుట్టూ ముళ్ళకంప వేసింది. మేకల కోసమని చెప్పింది. మేకలు ఆ ఆకును వాసన చూసి మొహం తిప్పుకుని పోయేవి. కంప ఎవరి కోసమో ఇంట్లో అందరికీ తెలుసు, సిద్ధమ్మతో సహా.

మరుసటి మే నెల వచ్చింది. పక్కింటి గులాబీలు మాడాయి. సన్నజాజి సగం ఎండింది. లావెండర్ ఆకులు కాస్త ముడుచుకుని బూడిదరంగుకు తిరిగాయి. ఉమారాణి చెంబు పట్టబోయి మానుకుని, చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయింది. మరీ వాలినప్పుడు మాత్రం పొద్దున్నే కాసిని నీళ్ళు. తొలకరి పడగానే అవి విదిలించుకుని లేచాయి. సంక్రాంతి చలికి మొదటి కంకి వేశాయి. ఊదారంగు మరీ ముదురు కాదు, మరీ లేత కాదు. సిద్ధమ్మ కంప పక్కన కుర్చీ వేసుకుని ఆ పూట అక్కడే కాఫీ తాగింది.

అంత చేశాక పురుగుల వాసన పోయిందా అంటే, పోలేదు. గాలి షెడ్డు వైపు నుంచి వీస్తే ఏ లావెండరూ ఆపలేకపోయింది. కానీ బట్టలు ఆ పొదల మీదే ఆరేసుకునేవారు. షెడ్డులో దారం తీసే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి తలా ఒక రెమ్మ కొప్పులో తురుముకుని పనికి కూర్చునేవారు. రాత్రి పడుకోబోతూ ఉమారాణి నాలుగాకులు నలిపి దిండు కింద పెట్టుకునేది. దాంతో ఆమెకు తృప్తి కలిగింది. తృప్తి కలిగాక మనిషి ఊరుకుంటుందా? ఇంకో వరస నాటింది.

శైలజ డిగ్రీ అయిపోయింది. సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. మొదట వచ్చినవాళ్ళు వాసనకు మొహాలు చిట్లించి, బోండాలు ముట్టకుండానే లేచిపోయారు. శైలజ పైకి నవ్వేసింది గానీ ఆ రాత్రి అన్నం తినలేదు. అది ఉమారాణి మనసులో ముల్లులా గుచ్చుకుంది.

2000 ఫిబ్రవరిలో ధర్మవరం నుంచి ఒక సంబంధం వస్తోందని కబురొచ్చింది. పెళ్ళికొడుకు దుర్గాప్రసాద్. అతని తండ్రి జయరాముడికి పట్టుచీరల కొట్టుంది. ఈసారి ఎవరూ ముక్కు చిట్లించకూడదని ఉమారాణి పట్టుదల పట్టింది. పొదలు నిండుగా పూసి ఉన్నాయి. ఆ పొద్దున కత్తెర తీసుకుని పూలన్నీ కోసేసింది. ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబులన్నీ ముందుగదిలో వరసగా పెట్టి పూలగుత్తులతో నింపింది. గాలి ఆడాలని కిటికీలు బార్లా తెరిచింది. గదంతా ఘుమఘుమలాడిపోయింది.

పెళ్ళివారు వచ్చారు. జయరాముడి అక్క కృష్ణమ్మ గడప దాటుతూనే గట్టిగా గాలి పీల్చి, "ఏం వాసనమ్మా ఇది, భలే ఉండాది!" అంది. ఉమారాణి పొంగిపోయింది. శైలజ బోండాల పళ్ళెం పట్టుకుని వచ్చి అందరికీ పెట్టి చాప మీద కూర్చుంది. మాటలు మొదలయ్యాయి. అంతలో ఒక తేనెటీగ కిటికీలోంచి వచ్చి చెంబు మీద వాలింది. వెనకే రెండు వచ్చాయి. తర్వాత లెక్కపెట్టే వీలు లేకపోయింది.

చలికాలమంతా ఆ పొదల మీద బతికిన తేనెటీగలు అవి. పొద్దున్నే వచ్చి చూస్తే పొదల మీద పువ్వు లేదు. వెతుక్కుంటూ పూలున్న చోటికే వచ్చాయి. జుమ్మని మోత మొదలైంది. జయరాముడు భుజం మీది కండువా తీసి గిరగిరా తిప్పాడు. ఆ విసురుకు ఒక చెంబు దొర్లింది. తేనెటీగలు గుంపుగా పైకి లేచాయి. కృష్ణమ్మ పమిట నెత్తిన కప్పుకుని, "ఒరే జయరాముడూ, నన్ను ఇడిసిపెట్టి యాడికి పోతాండావురా?" అని కేక పెట్టింది.

"షెడ్డులోకి రాండి! పొగలోకి రావవి!" అని రాఘవేంద్ర అరిచాడు. పెళ్ళయినప్పటి నుంచి అతను గొంతెత్తడం ఉమారాణి వినడం అదే మొదటిసారి.

పెళ్ళివారూ ఇంటివారూ ఒకరినొకరు తోసుకుంటూ రీలింగ్ షెడ్డులో పడ్డారు. లోపల కట్టెల పొయ్యి పొగ, ఆవిరి, ఆ వాసన. తేనెటీగలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్ళాయి. పెళ్ళివారు వస్తున్నారని ఆ పూట పనివాళ్ళను పంపేసి, చివరి వాయి గూళ్ళను పొయ్యి మీది నీళ్ళలోనే వదిలేశారు. అవి ఉడికిపోతుండటం శైలజ కంట పడింది. పెళ్ళిచూపుల సంగతే మరిచిపోయి పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపి పీట మీద కూర్చుంది. పొగలు కక్కే నీళ్ళలో వేళ్ళు ముంచి కొసలు ఏరి, చక్రానికి తగిలించి తిప్పసాగింది. సన్నటి పసుపుపచ్చని దారం మెరుస్తూ లేచింది.

దుర్గాప్రసాద్ అలాగే చూస్తూ నిలబడిపోయాడు. "చేయి కాలదా?" అని అడిగాడు.

"చల్లనీళ్ళలో ముంచుకోని ముంచుకోని తీస్తాము. చూస్తారా?" అంది శైలజ. అతను చొక్కా చేతులు మడిచి పక్కన కూర్చున్నాడు. ఒక కొస పట్టుకోబోయి, కాలి, 'అబ్బా' అని చేయి విదిలించాడు. శైలజ ఆపుకోలేక నవ్వింది. అతనూ నవ్వాడు.

ఉమారాణి ఒక మూలన నిలబడి సిగ్గుతో చచ్చిపోతోంది. కృష్ణమ్మ దగ్గరికి వెళ్ళి, "అత్తా, తప్పయిపోయింది. ఈ కంపు తెలీకూడదని ఆ పూలు పెట్టినాను," అంది.

"ఏం కంపమ్మా!" అంది కృష్ణమ్మ పమిట సర్దుకుంటూ. "మా ఇంటి వెనక రంగులు ఉడకబెడతారు. ఆ కంపుకు కాకులు కూడా వాలవు. పట్టు కట్టుకునేటప్పుడు అందరికీ బాగుంటాది. చేసే ఇంట్లో వాసన రాకుంటే ఎట్లా?"

జయరాముడు చక్రం మీది దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూస్తూ, "ఏమప్పా రాఘవేంద్రా, దారం భలే ఉండాది. పిల్ల చేయి ఇంకా బాగుండాది. ముహూర్తం చూద్దామా?" అన్నాడు.

పోతూ పోతూ కృష్ణమ్మ పాతికదాకా లావెండర్ కొమ్మలు తడిగుడ్డలో చుట్టించుకుంది. చీరల బీరువాలో కలరా ఉండల బదులు ఎండు పూలు పెడితే బాగుంటుందని ఆమెకు తోచింది. ధర్మవరం ఎండ హిందూపురం కంటే గట్టిది. అక్కడ నేలలో పెట్టినవి బతకలేదు. సిమెంటు తొట్లలో గరుసు నింపి మిద్దె మీద పెట్టి, నడివేసవిలో సగం నీడకు జరిపితే నిలిచాయి. ఆ సంగతి కనిపెట్టింది శైలజే. పెళ్ళయిన రెండేళ్ళకు కరువొచ్చి ఊళ్ళో బోర్లన్నీ అడుగంటినప్పుడు కూడా అవి కంకులు వేశాయని ఫోనులో చెబుతుంటే, ఇవతల ఉమారాణి పక్కన సిద్ధమ్మ చెవి ఆనించి వింది.

"నీళ్ళు పొయ్యొద్దని చెప్పు దానికి," అంది కోడలితో.

"ఆ పిల్లకు తెలుసులే అత్తా."

"అయినా చెప్పు."

దుర్గాప్రసాద్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ పువ్వు రంగులో ఒక చీర నేయించి ఉమారాణికి పెట్టాలని. తొట్లోంచి తాజా పూలు కోసి రంగులు వేసే అంజనప్ప ముందు పెట్టాడు. అంజనప్ప ఆ రంగు కోసం నానా తంటాలు పడ్డాడు. ఒకసారి నేరేడుపండులా వచ్చింది. ఒకసారి నీలం వైపు పోయింది. చివరికి వచ్చినదాన్నే ఖాయం చేసి వెండి జరీ అంచుతో మగ్గానికి ఎక్కించారు. 2003 దసరాకు శైలజ ఆ చీర పట్టుకుని హిందూపురం వచ్చింది.

ఉమారాణి చీర కట్టుకుని ముందుగదిలోకి వచ్చి నిలబడింది. దుర్గాప్రసాద్ ఆశగా చూస్తున్నాడు.

"అంతా చూడండి, అచ్చం మన లావెండర్ రంగే," అన్నాడు.

రాఘవేంద్ర తల ఊపాడు. శైలజ చప్పట్లు కొట్టింది. సిద్ధమ్మ కళ్ళజోడు సర్దుకుని, కొంగు వెలుతురులోకి లాగి, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"భలే ఉండాది నాయనా," అంది. "ఇంత మంచి వంకాయ రంగు ఈ మధ్య నేనే చీరలోనూ చూడలేదు."

దుర్గాప్రసాద్ మొహం చూసి అందరూ విరగబడి నవ్వారు. ఉమారాణి మాత్రం కొంగు నడుముకు దోపుకుని, అంచు బాగా కనపడేలా కుచ్చెళ్ళు సవరించుకుని, ఆ చీరతోనే దసరా పేరంటానికి బయల్దేరింది.